లేయా చేతులు

మే నెల మొదటి వారంలో ఒక మంగళవారం పొద్దున, వంటింట్లో కూర్చుని దోసకాయ తరుగుతున్న లేయాకి ఆ ఆలోచన మొదటిసారి వచ్చింది.

పక్కనే చాప మీద అక్క కూతురు గ్లోరీ పడుకుని ఉంది. మూడు నెలల పిల్ల. కాళ్లు రెండూ గాల్లోకి ఎత్తి, తన గుప్పిట్ని తనే వింతగా చూసుకుంటూ ఊ కొడుతోంది. దాన్ని చూసి లేయా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే, ఎవరో చెవిలో చెప్పినట్టుగా, ‘ఈ చాకు పాపకి గుచ్చేస్తే?’ అనిపించింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. చాకు కింద పడేసి, వీపు గోడకి తగిలేదాకా వెనక్కి జరిగింది. ఛీ, ఏంటిది? నాకెందుకొచ్చింది ఇలాంటిది? పాప మాత్రం ఊ కొడుతూనే ఉంది. లేయా లేచి వెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది.

“దోసకాయ సగంలో వదిలేశావేంటే?” అంటూ అమ్మ తబితా లోపలికి వచ్చింది.

“వేలు తెగేలా ఉందమ్మా. నువ్వు తరుగు,” అంది లేయా.

అమ్మకి ఆమె చెప్పిన అబద్ధాల్లో అది మొదటిది. ఆ తర్వాత చాలా చెప్పాల్సి వచ్చింది.

చాట్రాయి దాటాక రోడ్డుకి ఎడమవైపు, నాలుగెకరాల మామిడి తోటని ఆనుకుని ఉంటుంది వాళ్లిల్లు. నాన్న ఆనంద్ బాబు పక్క ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. వేసవి సెలవులొస్తే పూర్తిగా తోటలోనే ఉంటాడు. అక్క షీబాని హనుమాన్ జంక్షన్ పక్కన బాపులపాడు ఇచ్చారు. పురిటికి వచ్చి, ఐదో నెలలో తీసుకెళ్తామని అత్తవారు అనడంతో పుట్టింట్లోనే ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలైపోయి ఇంటికొచ్చిన లేయా, వచ్చిన రోజు నుంచీ పాపని చంక దించలేదు. స్నానం చేయించడం, సాంబ్రాణి పొగ వేయడం, నిద్రపుచ్చడం అన్నీ తనే. “కన్నది నేను, పెంచేది మా చెల్లి,” అని షీబా ఫోన్లో భర్తతో చెప్పి నవ్వేది.

అలాంటి పిల్ల ఆ వారం తిరక్కుండానే పాపని ఎత్తుకోవడం మానేసింది.

ఒక్కసారి వచ్చి పోతే మర్చిపోయేదే. అది పోలేదు. బుధవారం పాపకి నూనె రాస్తుంటే వచ్చింది. గురువారం కత్తిపీట చూస్తే వచ్చింది. శుక్రవారానికి ఏ కత్తీ కంటికి కనబడకపోయినా, పాప ఏడుపు వినిపిస్తే చాలు, వచ్చేస్తోంది. ‘ప్రభువా, కాపాడు’ అని మనసులో ఏడుసార్లు అనుకుంటే కాసేపు తగ్గేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. మళ్లీ మొదటి నుంచి అనుకోవాలి. వారం తిరిగేసరికి ఏడు కాస్తా ఇరవై ఒకటి అయింది, ఇరవై ఒకటి డెబ్భై అయింది. అన్నం తింటూ పెదాలు కదుపుతుంటే నాన్న చూసి, “ఏంటమ్మా, ఫార్ములాలు బట్టీ కొడుతున్నావా?” అన్నాడు.

ఎవరికైనా చెప్పాలని లేకపోలేదు. కానీ ఏమని చెప్పాలి?

బాత్‌రూంలో తలుపేసుకుని ఫోన్లో వెతికింది. ‘పిల్లల్ని చంపేవాళ్లు ముందు ఎలా ఉంటారు’ అని టైపు చేసింది. ఎక్కడెక్కడి వార్తలో వచ్చాయి. ఒక వార్తలో ఇరుగుపొరుగు వాళ్లు చెప్పిన మాట ఆమె ప్రాణం తీసింది. ‘చాలా మంచి అమ్మాయండీ. ఎప్పుడూ గట్టిగా కూడా మాట్లాడేది కాదు.’ తన గురించి అందరూ అనేది అచ్చంగా అదే మాట.

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు, పాపం ముందు మనసులో గూడు కట్టుకుని తర్వాతే చేతుల్లోకి దిగుతుందని చెప్పారు. ఏ ఆదివారమైనా చెప్పే మాటే. కానీ ఆడవాళ్ల వరసలో కూర్చున్న లేయాకి తన పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది. గూడు కట్టేసింది. ఇక దిగడమే మిగిలింది. ఒళ్లో ఉన్న చేతుల్ని చున్నీ కింద దాచేసుకుంది.

అమ్మకి కోపం వస్తోంది. “అక్కకి పంటినొప్పని తెలుసు కదే, కాసేపు పాపని ఎత్తుకుంటే నీ సొమ్మేం పోయింది?” అని రోజూ అంటోంది. పక్క తోట నాగేంద్రమ్మ పాలు పోయడానికి వచ్చి, “పాప పుట్టాక నిన్నెవరూ పట్టించుకోవట్లేదని అలిగావా ఏంటమ్మా?” అంది నవ్వుతూ. లేయా నవ్వలేదు. అలక అనుకుంటున్నారు. అనుకోనీ. ఉన్నది తెలిస్తే ఈవిడ మళ్లీ ఈ గుమ్మం తొక్కుతుందా?

తిండి తగ్గిపోయింది. చెంపలు లోపలికి పోయాయి. తను చచ్చిపోతే పాపకి ఏ ప్రమాదం ఉండదు కదా అనే మాట కూడా ఒక మధ్యాహ్నం వచ్చి, పాత చుట్టంలా మనసులో కూర్చుంది. విచిత్రంగా ఆ మాటకి ఆమె అంత భయపడలేదు.

మరుసటి శుక్రవారం షీబాకి చెంప వాచిపోయింది. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నూజివీడులో పళ్ల డాక్టరు పదకొండింటికి రమ్మన్నాడు. నాన్న కోత మనుషులతో తోట అవతలి చివర చిన్నరసాలు కోయిస్తున్నాడు. తబితా చీర మార్చుకుని వచ్చి, “లేయా, పాపని చూసుకో. పాలు సీసాలో పెట్టాను. రెండు గంటల్లో వచ్చేస్తాం,” అంది.

“పాపని కూడా తీసుకెళ్లండమ్మా.”

“ఈ ఎండలోనా? నీకేమైనా మతి పోయిందా?”

“నాన్నని పిలుద్దాం. నాన్న ఉంటాడు.”

“కోత వదిలేసి నాన్న వచ్చి పాలు పడతాడా? పదహారేళ్లొచ్చాయి నీకు.” తబితా అప్పటికే చెప్పులేసుకుంటోంది. షీబా చెంపకి తువ్వాలు అదుముకుని, మాట్లాడలేక చెల్లెలి భుజం తట్టింది. బయట ఆటో కదిలిపోయింది. లేయా గుమ్మంలో నిలబడి, ఆ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా చూసింది.

ఇంట్లో తనూ పాపా మిగిలారు.

ముందు గోనెసంచి తీసుకుంది. కత్తిపీట, రెండు చాకులు, కత్తెర, నాన్న గడ్డం గీసుకునే బ్లేళ్ల పెట్టె, గోడకి వేలాడుతున్న కొడవలి అన్నీ అందులో వేసింది. మోటారు షెడ్డు వెనక తుప్పల్లో సంచి పడేసి, ఆయాసపడుతూ తిరిగొచ్చింది. పాప చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణమే మంచం మీద దిండు కనబడింది. దిండ్లన్నీ వరండాలోకి విసిరేసింది. ఇంకేమీ లేదు. ఇక గదిలో ఏమీ లేదు.

అప్పుడు తన చేతులు కనబడ్డాయి.

వాటిని ఎక్కడ పడేస్తుంది? రెండు చేతుల వైపూ అలా చూస్తూ నిలబడిపోయింది. అవి తనవి కావేమో అనిపించింది. ఎప్పుడు లేస్తాయో, ఏం చేస్తాయో తెలియదు. ఉయ్యాల తనకి రెండడుగుల దూరంలో ఉంది. ‘ప్రభువా, కాపాడు’ అని మొదలుపెట్టింది కానీ మూడు దాటి లెక్క నిలవలేదు. ఒక్క పరుగున గది బయటికి వచ్చి, తలుపు మూసి, బయటి నుంచి గడియ పెట్టేసింది. మెట్లు దిగి తోటలోకి పరుగెత్తింది.

కంచె దగ్గర కలెక్టర్ మామిడి చెట్టు కింద కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద బరువంతా వేసి కూర్చుంది. ఎర్రచీమలు కుట్టాయి. కదల్లేదు.

ఎంతసేపో తెలియదు, పాప లేచింది. ముందు చిన్నగా, పిలిచినట్టుగా ఏడ్చింది. ఎవరూ రాకపోయేసరికి గొంతు పెంచింది. పక్క తోట మోటారు చప్పుడు తప్ప ఇటువైపు వేరే అలికిడి లేకపోవడంతో ఏడుపు చెట్ల మధ్య నుంచి తిన్నగా లేయా దగ్గరికే వస్తోంది. పాలసీసా వంటింట్లో ఉంది. వెళ్లాలి. లేచింది. వెళ్తే? వెళ్లి ఎత్తుకుంటే? కూర్చుంది. అలా ఐదారుసార్లు లేచింది, కూర్చుంది.

ఇంతలో పక్క తోటలో మోటారు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నమాట. అంటే ఆ గదిలో ఫ్యాను కూడా ఆగిపోయినట్టే. కిటికీ కూడా సగమే తెరిచి ఉంది. ఈసారి లేయా పరుగెత్తుకుంటూ వెళ్లింది. కిటికీలోంచి చూస్తే ఉయ్యాల చీర లోపల పాప కాళ్లు తన్నుకుంటోంది. మొహం కందగడ్డలా అయిపోయింది. గడియ మీద చెయ్యేసింది. సగం లాగింది. గడియ పట్టుకున్న తన వేళ్లని చూసింది. చూసి, మళ్లీ బిగించేసింది.

“నాన్నా!” అని అరిచింది. “నాన్నా!” నాన్న ఎక్కడో తోట అవతలి చివర, కోతవాళ్ల కేకల మధ్య ఉన్నాడు. ఆమె గొంతు మెట్లు కూడా దాటలేదు. ఏడుస్తున్న పాపని వదిలి అంత దూరం వెళ్లనూ లేకపోయింది.

ఆ తలుపు ముందే ఆమె నేల మీద కూలబడి ఉండగా ఆటో వచ్చి ఆగింది.

షీబా గేటు దగ్గరే పాప ఏడుపు విని పరుగెత్తుకొచ్చింది. చెల్లెల్ని తప్పించుకుని గడియ లాగి లోపలికి దూకింది. పాప గొంతు బొంగురుపోయింది, తల చెమటకి తడిసిపోయింది, ఉయ్యాల చీర కింద తడి చుక్కలు చుక్కలుగా కారుతోంది. షీబా దాన్ని ఎదకి హత్తుకుని కూర్చుండిపోయింది.

తబితా కూతురి రెక్క పట్టుకుని లేపి చెంప ఛెళ్లుమనిపించింది. “గడియ పెట్టి కూర్చున్నావా? పసిదాన్ని లోపలేసి గడియ పెట్టి కూర్చున్నావా? మనిషివేనా నువ్వు? చెప్పు, ఎందుకు పెట్టావు?”

“చెప్పవే!” అంది షీబా కూడా లోపల్నుంచి, వాచిన నోటితో.

లేయా ఇద్దరివైపూ చూసింది. అబద్ధాలన్నీ అయిపోయాయి. ఒక్కటీ దొరకలేదు.

“చంపేస్తానేమోనని భయమేసింది,” అంది.

“ఏంటీ?”

“పాపని నేను చంపేస్తానేమోనని. అందుకే... నేను లోపల ఉండకూడదని.”

షీబా పాపతో సహా మెల్లగా లేచింది. చెల్లెలి మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి రెండడుగులు వేసి తలుపు మూసింది. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు లేయాకి స్పష్టంగా వినిపించింది.

మొదట ఆమెకి ఎంతో తేలికనిపించింది. ఇక పాపకి భయం లేదు, మధ్యలో తలుపుంది. కానీ సాయంత్రానికి ఆ తేలిక పోయి, అంతకు ముందెన్నడూ లేనంత భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ ‘నేనలాంటిదాన్ని కాదేమో’ అనే చిన్న ఆశ ఉండేది. ఇప్పుడు సొంత అక్కే గడియ పెట్టుకుంది. అంటే నిజమేనన్నమాట.

మరునాడు అమ్మ పిలిస్తే పాస్టర్ గారొచ్చారు. పెద్దాయన, మెత్తని మనిషి. లేయా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు, దుష్టాత్మ ఏదైనా ఉంటే ఈ బిడ్డని విడిచిపొమ్మని గట్టిగా ఆజ్ఞాపించారు. ఆయన ఆమెన్ అనక ముందే ఆ ఆలోచన మళ్లీ వచ్చింది. అయితే ఇది దయ్యం కూడా కాదు. నేనే.

నాన్న అన్నం కంచం తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తినలేదు. ఆయన కూడా తినలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గది తలుపు తెరుచుకుంది. పాపని అమ్మకిచ్చి, షీబా వచ్చి వరండాలో చెల్లెలి పక్కన కూర్చుంది. చెంప వాపు కాస్త తీసింది.

“నిన్నొకటి అడగాలి. నిజం చెప్తావా?”

లేయా తలూపింది.

“అది వచ్చినప్పుడు నీకెలా ఉంటదే? పాప మీద కోపమొస్తదా?”

“కోపమెందుకు వస్తుందక్కా? భయమేస్తుంది. అది పాపకి తెలిసిపోతుందేమోనని దాని మొహం కూడా చూడలేను. నేను చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది.”

షీబా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. లేయా లాక్కోబోయింది. షీబా వదల్లేదు.

“నేనొకటి చెప్తాను. మీ బావకి కూడా చెప్పలేదు,” అంది గొంతు తగ్గించి. “పురుడై పది రోజులయ్యాక పాపని ఎండకి పెడదామని మేడ మీదికి తీసుకెళ్లాను. పిట్టగోడ దగ్గర నిలబడితే, చేతులు వదిలేస్తే ఏమైద్ది అనిపించింది. అనిపించడం కాదు, కళ్లకి కట్టినట్టు కనబడింది. కిందికి దిగేదాకా గోడ పట్టుకునే ఉన్నాను.”

లేయా మొదటిసారి అక్క మొహంలోకి చూసింది. అందుకేనా తను ఇంటికొచ్చాక కూడా అక్క మేడ ఎక్కకుండా, బట్టలు తెమ్మని తనని పంపేది?

“మరి... ఇప్పుడూ వస్తుందా?”

“నెల రోజులకి పోయింది. నీకు పోలేదు. మొన్న నువ్వు చెప్పగానే ఎందుకు తలుపేసుకున్నానో తెలుసా? నీకు భయపడి సగం. నాది కూడా బయటపడుద్దేమోనని సగం.” షీబా కళ్లు తుడుచుకుంది. “కన్నతల్లినే, నాకొచ్చింది. అయితే నేను రాక్షసినా?”

“కాదక్కా.”

“మరి నువ్వెట్టా అవుతావు? నాన్నతో మాట్లాడాను. రేపు నిన్ను విజయవాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు.”

ఆ ప్రయాణమంతా లేయాకి ఒకటే భయం. డాక్టరు విని, పక్క గదిలోకి వెళ్లి, పోలీసులకి ఫోన్ చేస్తారని. నాన్న భయం ఇంకొకటి. మానసిక వైద్యుల బోర్డు కింద తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. అయినా కూతురి పక్క నుంచి లేవలేదు.

డాక్టర్ పార్వతి గారికి యాభై ఏళ్లుంటాయి. లేయా చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయినప్పుడల్లా ఆవిడ తొందరపెట్టకుండా ఎదురుచూశారు. అంతా విన్నాక ఫోన్ తియ్యలేదు.

“కత్తులన్నీ ఏం చేశావన్నావు?”

“తుప్పల్లో పడేశానండీ.”

“ఎందుకు?”

“పాపకి ఏమీ కాకూడదని.”

“పాపకి ఏమీ కాకూడదని కత్తులు పారేశావు. దిండ్లు పారేశావు. చెట్టు కింద చీమలు కుడుతుంటే చేతుల మీద కూర్చున్నావు. నీ మనసులో ఉన్న కోరిక ఏంటో నువ్వు చేసిన పనులు చెబుతున్నాయి కదమ్మా. ఆలోచన వేరు, కోరిక వేరు. నీ మనసు దేన్ని ఎక్కువ ప్రేమిస్తుందో దాని గురించే భయపెడుతోంది.” ఆవిడ ఆనంద్ బాబు వైపు తిరిగారు. “వద్దన్నా పదేపదే ఆలోచనలొచ్చి వేధించే ఈ జబ్బుని ఓసీడీ అంటారు మాస్టారూ. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఎక్కువమంది మీ అమ్మాయిలాగే ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టి, బాగా ముదిరాక వస్తారు. మందులున్నాయి, మాట్లాడి చేసే వైద్యం ఉంది. ఎవరికైనా చెడు చేస్తుందని భయం వద్దు. భయపడాల్సింది ఒక్కదానికే. చచ్చిపోవాలనిపిస్తోందంటోంది. కొన్నాళ్లు ఒంటరిగా వదలకండి.”

ఆ మాట విని నాన్న చేతిరుమాలు ఒళ్లో పెట్టేసి, డాక్టరు గారి ముందే ఏడ్చేశాడు.

ఇంటికొచ్చాక అన్నీ ఒక్కసారే సర్దుకోలేదు. మందులు మొదలుపెట్టిన మొదటి పదిరోజులూ వికారం, కాళ్లూచేతులూ వణుకు. ఆలోచన వస్తే లెక్కపెట్టవద్దని, పారిపోవద్దని, వచ్చిందాన్ని రానిచ్చి చేస్తున్న పని చేసుకోమని డాక్టరు గారి ఆసుపత్రి కౌన్సెలర్ ఫోన్లో చెప్పింది. వినడానికి తేలికే. పాప ఉన్న గదిలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవడానికి లేయాకి ఒంట్లో ఉన్న సత్తువంతా ఖర్చయ్యేది. చెమటలు పోసి, కళ్లు తిరిగి, బయటికొచ్చి వాంతి చేసుకున్న రోజులున్నాయి. షీబా మాత్రం మర్నాడు మళ్లీ పిలిచేది. “రా, ఇవ్వాళ ఆరు నిమిషాలు.”

తబితాకే ఎక్కువ కాలం పట్టింది. లేయా ఆ గదిలో ఉన్నంతసేపూ ఏదో వంకన గుమ్మంలోనే తిరిగేది. ఆ చూపు లేయా వీపుకి తగిలేది. ఒకరోజు షీబా, “అమ్మా, నువ్వు వెళ్లి పప్పు చూడు, మాడుద్ది,” అంది. తబితా ఇద్దరు కూతుళ్లనీ చూసి, వెళ్లిపోయింది. వంటింట్లో ఆమె గట్టిగా ముక్కు చీదుకోవడం వినబడింది. ఆ సాయంత్రం లేయాకి జడ వేస్తూ, “ఆరోజు కొట్టాను. నాకు తెలియలేదమ్మా,” అంది. అల్లిన జడనే విప్పి మళ్లీ అల్లింది.

జూన్ మూడో వారంలో షీబా భర్త సంతోష్ కుమార్ కారు మాట్లాడుకుని వచ్చాడు. సామాను ఎక్కిస్తుంటే షీబా, “లేయా కూడా వస్తుంది. వారం రోజులుండి వస్తుంది,” అని తేల్చి చెప్పేసింది.

“అక్కా, వద్దు. అక్కడ మీ అత్తగారూ వాళ్లూ...”

“డాక్టరు గారిని అడిగాను. పంపించమన్నారు. ఎక్కు.”

లేయా వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నూజివీడు దాటాక వాన మొదలైంది. ఆ ఏడాది మొదటి వాన. రోడ్డు పక్క తోటల్లో కోతలైపోయిన చెట్లు తడుస్తున్నాయి. షీబాకి కునుకు పడుతోంది. “కాసేపు పట్టుకోవే,” అని, జవాబు కోసం చూడకుండానే పాపని చెల్లెలి ఒళ్లో పడుకోబెట్టి, సీటుకి తల వాల్చేసింది.

కారు వేగంగా పోతోంది. పక్కనే తలుపుంది. ఆలోచన వచ్చింది. రాదని ఆమె అనుకోలేదు. అక్కని లేపాలనిపించింది. లెక్కపెట్టాలనిపించింది. అద్దం మీద వాన నీళ్లు అడ్డంగా పాకుతుంటే గ్లోరీ కళ్లు పెద్దవి చేసుకుని వాటినే చూస్తోంది. ఆ పిల్ల వానని చూడడం అదే మొదటిసారి.

“వాన,” అంది లేయా. “వాన అంటారు దీన్ని.”

పాప ఆమె వైపు తిరిగి చూసింది. భయం పోలేదు. హనుమాన్ జంక్షన్ వచ్చేదాకా భయపడుతూనే, లేయా దానికి వాన గురించి చెబుతూ వెళ్లింది.